వైరస్ సోకితే మన డీఎన్ఏ మారుతుందా? హెపటైటిస్ బి ఉన్న ఒక యువకుడి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: రక్తదానం చేద్దామని వెళ్తే హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్ బి ఉందా చూసే పరీక్ష) పాజిటివ్ అన్నారు. పెళ్లి కుదిరి ఉంది. హెపటైటిస్ బి వైరస్ మన డీఎన్ఏలో కలిసిపోతుందని, ఇక ఎప్పటికీ పోదని, పుట్టే పిల్లలకూ వస్తుందని ఒక వీడియోలో చెప్పారు. అంతకుముందు కోవిడ్ కూడా వచ్చింది. అసలు వైరస్ వల్ల మనిషి డీఎన్ఏ మారుతుందా?

జవాబు:

మారుతుంది. కొన్ని వైరస్‌ల వల్ల, కొన్ని కణాల్లో. మీకున్న హెపటైటిస్ బి ఆ కొన్నిటిలో ఒకటి. కోవిడ్ వాటిలో లేదు. పిల్లలకు డీఎన్ఏ ద్వారా వస్తుందన్నది మాత్రం ఆ వీడియో చేసినాయన సొంత కవిత్వం.

మీ టెన్షన్ కాస్త తగ్గుతుందని ముందే ఇంత చెప్పేశాను. ఇక వివరంగా చూద్దాం. నేను డాక్టర్‌ని కాను. వైరస్ పరీక్షలు చేసే ల్యాబ్‌లో చాలా ఏళ్ళు పీసీఆర్, సీక్వెన్సింగ్ (డీఎన్ఏను అక్షరం అక్షరంగా చదవడం) పని చూసినవాణ్ణి. మందు వాడాలా వద్దా అనేది మీ లివర్ డాక్టర్ చెప్పాలి. డీఎన్ఏ సంగతి నేను చెప్పగలను.

‘నా డీఎన్ఏ’ అని మనం ఏకవచనంలో అంటాం గానీ, అది ఒంట్లో ఒకచోట దాచిపెట్టి ఉండే వస్తువు కాదు. కేంద్రకం ఉన్న ప్రతి కణంలోనూ దేని ప్రతి దానికి విడిగా ఉంటుంది. లివర్‌లో ఒక కణం డీఎన్ఏలో మార్పు వస్తే పక్క కణానికి ఆ సంగతే తెలియదు. ఆ మార్పు ఆ కణం విభజన చెందితే పుట్టే పిల్ల కణాలకు పోతుంది, అంతే. మీ బిడ్డకు పోవాలంటే మార్పు వీర్యకణంలోనో అండంలోనో జరిగి ఉండాలి. అందుకే ఈ విషయంలో ఎవరు ఏం చెప్పినా, ‘ఏ వైరస్, ఏ కణంలో?’ అని అడగండి. సగం వీడియోలు అక్కడే ఆగిపోతాయి.

వైరస్ కణంలోకి రావడం, డీఎన్ఏలో చేరడం ఒకటి కాదు. ఖాళీ స్థలంలో గుడిసె వేసుకోవడం వేరు, రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ స్థలాన్ని తన పేరున రాయించుకోవడం వేరు కదా. మనకు వచ్చే వైరస్‌లలో చాలావరకు గుడిసె రకమే. డెంగ్యూ, చికున్‌గున్యా, పోలియో, తట్టు, రేబిస్, కోవిడ్ ఇవన్నీ ఆర్ఎన్ఏ వైరస్‌లు, అంటే తమ జన్యు సమాచారాన్ని డీఎన్ఏగా కాక ఆర్ఎన్ఏ అనే మరో రూపంలో మోసేవి. కేంద్రకం బయటే ఉండి, కణంలోని సరంజామాతో తమ ప్రతులు తీయించుకుని వెళ్ళిపోతాయి. ఫ్లూ వైరస్ కేంద్రకం లోపలికి కూడా వెళ్తుంది, కానీ అక్కడా ఆర్ఎన్ఏగానే ఉండి ఆర్ఎన్ఏగానే బయటికొస్తుంది. కాబట్టి కేంద్రకంలోకి వెళ్ళినంత మాత్రాన డీఎన్ఏ మారిందని కూడా అనుకోకూడదు.

‘ఒకసారి వస్తే ఒంట్లోంచి పోదు’ అన్నా డీఎన్ఏలో కలిసిందని అర్థం కాదు. ఆటలమ్మ చూడండి. చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ వైరస్ వెన్నుపాము పక్కనున్న నరాల ముడుల్లో ఏళ్ళ తరబడి పడుకుని ఉంటుంది. యాభై అరవై దాటాక నడుం చుట్టూనో ఛాతీ మీదో అక్కిగా లేస్తుంది. ఊళ్ళలో జాజు పట్టించి రాయించుకునే అక్కి అదే. ఇది డీఎన్ఏ వైరస్సే, కేంద్రకంలోనే ఉంటుంది, జీవితాంతం ఉంటుంది. అయినా మన క్రోమోజోముల్లో కలవకుండా, విడిగా ఒక చిన్న చుట్టలా పడి ఉంటుంది.

మరి నిజంగా కలిసేవి ఏవి?

అందరికీ తెలిసిన ఉదాహరణ హెచ్ఐవీ. దాని జన్యు సమాచారం ఆర్ఎన్ఏ రూపంలో ఉంటుంది, సుమారు 9,700 అక్షరాలు (ఆ గొలుసులోని ఒక్కో యూనిట్‌ను అక్షరం అంటాం). మన డీఎన్ఏలో చేరాలంటే ముందు అది డీఎన్ఏగా మారాలి. ఆ పనికి రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమును అది వెంట తెచ్చుకుంటుంది. ఆర్ఎన్ఏ నుంచి డీఎన్ఏ తయారవుతుందని 1960లలో హోవర్డ్ టెమిన్ అంటే తోటి శాస్త్రవేత్తలు చాలామంది నమ్మలేదు. 1970లో టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ ఎవరి ల్యాబ్‌లో వాళ్ళు ఆ ఎంజైమును పట్టుకుని చూపించాక నోళ్ళు మూతపడ్డాయి. 1975లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. డీఎన్ఏగా మారాక ఇంటిగ్రేజ్ అనే ఇంకో ఎంజైము మన క్రోమోజోమును కత్తిరించి వైరస్ ముక్కను అందులో అతికిస్తుంది. ఇక ఆ కణం బతికున్నంతకాలం ఆ ముక్క అందులో ఉంటుంది.

ఇది మన రోగనిరోధక వ్యవస్థలోని సీడీ4 కణాల్లో జరుగుతుంది. అందులో కొన్ని కణాలు ఏళ్ళ తరబడి నిద్రావస్థలో ఉంటాయి. హెచ్ఐవీకి ఇచ్చే ఏఆర్‌టీ మందులు కొత్త వైరస్ పుట్టుకను ఆపుతాయి, రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గిస్తాయి. అతికిన ముక్కను మాత్రం పీకలేవు. మందులు క్రమం తప్పకుండా వాడినా ఆ నిద్రపోయే కణాల నిల్వ సగానికి తగ్గడానికే దాదాపు 44 నెలలు పడుతుందని లెక్కగట్టారు. అందుకే మందు ఆపితే వైరస్ మళ్ళీ లేస్తుంది. బెర్లిన్ పేషెంట్‌గా పేరుపడిన టిమోతీ రే బ్రౌన్‌కు ఇది పూర్తిగా నయమైందంటే, లుకేమియా (రక్త క్యాన్సర్) చికిత్సలో భాగంగా ఆయన రక్తాన్ని తయారుచేసే వ్యవస్థనే తీసేసి, హెచ్ఐవీ సోకడం కష్టమైన జన్యు మార్పున్న దాత మూలకణాలు పెట్టారు కాబట్టి. అది అందరికీ చేసే చికిత్స కాదు. ఇప్పుడు మన ఏఆర్‌టీ కేంద్రాల్లో ఇచ్చే డోలుటెగ్రావిర్ ఆ ఇంటిగ్రేజ్ ఎంజైమునే అడ్డుకునే మందు. కొత్త కణాల్లో అతుకు పడకుండా చూస్తుంది.

ఇంత గట్టిగా డీఎన్ఏలో పాతుకునే హెచ్ఐవీ కూడా జన్యువుల ద్వారా పిల్లలకు రాదు. తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది, అది గర్భంలోనో ప్రసవంలోనో పాల ద్వారానో వైరస్ అంటుకోవడం వల్ల. తల్లి మందులు సరిగ్గా వాడితే దాన్ని చాలావరకు ఆపొచ్చు. అది వంశపారంపర్యమే అయితే ఏ మందుతోనూ ఆగేది కాదు కదా.

ఇప్పుడు మీ సంగతి. హెపటైటిస్ బి చాలా చిన్న వైరస్, సుమారు 3,200 అక్షరాలు. లివర్ కణంలోకి వెళ్ళాక కేంద్రకంలో తన డీఎన్ఏను గుండ్రటి చుట్టగా మార్చుకుంటుంది. దీన్ని సీసీసీడీఎన్ఏ అంటారు. కొత్త వైరస్‌లన్నీ ఈ చుట్ట నుంచే పుడతాయి. టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి మాత్రలు కొత్త వైరస్ ఉత్పత్తిని అణచివేస్తాయి గానీ చుట్టను చెరపలేవు. ‘ఇక పోదు’ అన్న మాటకు అసలు మూలం ఇది. క్రోమోజోములో కలవడం కాదు, ఈ విడి చుట్ట.

క్రోమోజోములో కలవడం కూడా జరుగుతుంది. హెచ్ఐవీ ఆ పని కావాలని చేస్తుంది, బతకాలంటే దానికి అది తప్పదు. హెపటైటిస్ బికి ఆ అవసరమే లేదు, ఇంటిగ్రేజ్ లాంటి ఎంజైమూ లేదు. ప్రతులు తీసేటప్పుడు కొన్నిసార్లు చుట్ట కాకుండా పొడుగు ముక్క తయారవుతుంది. మన కణం తన తెగిన డీఎన్ఏను అతుక్కునే సమయంలో ఈ ముక్క మధ్యలో చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. ప్రమాదవశాత్తు పడే అతుకు. చాలాసార్లు వైరస్ జన్యువు పూర్తిగా కూడా ఉండదు. దాని నుంచి కొత్త వైరస్ పుట్టదు.

కానీ ఆ ముక్క ఒక పని చేయగలదు. హెచ్‌బీఎస్ఏజీ అనే ఉపరితల ప్రొటీన్‌ను తయారు చేయగలదు. ల్యాబ్‌లో నన్ను చాలామంది అడిగిన ప్రశ్నకు జవాబు ఇందులో ఉంది. ‘సార్, మందు వాడుతున్నాను, వైరల్ లోడ్ సున్నా అని వచ్చింది, మరి హెచ్‌బీఎస్ఏజీ ఇంకా పాజిటివ్ ఏంటి, మీ మిషన్ తప్పా?’ అని రెండు రిపోర్టులు బల్ల మీద పక్కపక్కన పెట్టి అడిగేవాళ్ళు. మిషన్ తప్పు కాదు. వైరల్ లోడ్ పరీక్ష రక్తంలో తిరిగే వైరస్ డీఎన్ఏను లెక్కపెడుతుంది. హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. వైరస్ తయారీ ఆగిపోయినా, కేంద్రకంలో మిగిలిన చుట్ట నుంచి, క్రోమోజోముకు అతుక్కున్న ముక్కల నుంచి ప్రొటీన్ కారుతూనే ఉంటుంది. మీకూ రేపు మందు మొదలుపెట్టాక ఇలాగే రావచ్చు. అప్పుడు కంగారుపడి మందు మానేయకండి.

అతుకు వల్ల అసలు భయం లివర్ క్యాన్సర్. అతుకు కొన్ని కణాల్లోనే, అదీ ఎక్కడ పడితే అక్కడ పడుతుంది. ఎక్కువగా ఏమీ కాదు. ఎప్పుడో ఒకసారి అది కణ విభజనను నడిపించే జన్యువు పక్కన పడుతుంది. హెపటైటిస్ బి వల్ల వచ్చిన లివర్ క్యాన్సర్ గడ్డలను సీక్వెన్స్ చేస్తే టీఈఆర్‌టీ అనే జన్యువు దగ్గర వైరస్ ముక్క పదే పదే కనబడుతుంది. కణం ముసలితనాన్ని వాయిదా వేసే జన్యువు అది. దాని స్విచ్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటే ఆ కణం ఆగకుండా విభజన చెందుతుంది. అతుకు ఒక్కటే కారణం కాదు, ఏళ్ళ తరబడి లివర్‌లో వాపు, మచ్చలు పడటం, మద్యం, కొవ్వు ఇవన్నీ తోడవుతాయి. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి క్యాన్సర్ రాదు. కానీ డాక్టర్ ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయించుకోమంటే, ‘నాకేం నొప్పి లేదు కదా’ అని ఎగ్గొట్టకూడదని ఇందుకే అంటున్నాను.

డీఎన్ఏలో పడిన అతుకును ఇప్పటి మందులేవీ ఊడదీయలేవు. అతుకు పడకముందే ఆపడం ఒక్కటే దారి, అంటే టీకా. అది ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చేది, ఖరీదు మామూలు కుటుంబానికి అందేది కాదు. 1997లో హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బి తెచ్చాక పరిస్థితి మారింది. రీకాంబినెంట్ పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా అది. ఆ కంపెనీ పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారు చదివింది ఎలక్ట్రానిక్స్, బయాలజీ కాదు.

వైరస్ అతుకు క్యాన్సర్‌గా ఎలా మారుతుందో కళ్ళారా చూడాలంటే హీలా కణాలు చూడాలి. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ గర్భాశయ ముఖద్వార గడ్డ నుంచి, ఆమెను అడగకుండానే తీసిన కణాలవి. ఆమె అదే ఏడాది పోయారు. ఆ కణాలు ఇప్పటికీ ప్రపంచమంతా ల్యాబ్‌లలో పెరుగుతూనే ఉన్నాయి. మా దగ్గర హెచ్‌పీవీ-18 (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్ రకం) పరీక్ష సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి హీలా డీఎన్ఏనే వాడేవాళ్ళం. ఎందుకంటే ప్రతి హీలా కణంలో, 8వ క్రోమోజోములో, కణ విభజనను ఎగదోసే ఎంవైసీ అనే జన్యువుకు కాస్త దూరంలో ఆ వైరస్ ముక్క అతికి ఉంది. ఎన్ని తరాలు పెంచినా అది అక్కడే. హెచ్‌పీవీ చుట్ట తెగి క్రోమోజోములో అతుక్కునేటప్పుడు చాలాసార్లు ఈ2 అనే జన్యువు పాడవుతుంది. ఈ6, ఈ7 అనే మరో రెండు జన్యువులకు కళ్ళెం వేసేది అదే. కళ్ళెం పోయాక ఆ రెండూ చెలరేగి, కణం హద్దు మీరకుండా కాపలా కాసే మన ప్రొటీన్‌లను దెబ్బతీస్తాయి. ఇప్పటికీ ల్యాబ్‌లో హీలా కణాల్లో ఈ6, ఈ7లను అణచేస్తే అవి విభజన ఆపేస్తాయి. అన్నేళ్ళయినా వాటిని నడిపిస్తున్నది ఆ అతుకే. ఇక్కడ కూడా ఒక మాట: హెచ్‌పీవీ సోకిన ఆడవాళ్ళలో చాలామందికి ఒకటి రెండేళ్ళలో దానంతట అదే పోతుంది. పోకుండా ఉండిపోయిన కొద్దిమందికే ఈ కథంతా.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒంట్లోని ఏదో ఒక అవయవం కణాల్లో పడే అతుకులు. బిడ్డకు పోయే అతుకు అసలు ఉండదా అంటే, ఉంటుంది. నాకు తెలిసి మనుషుల్లో ఇప్పటికీ స్పష్టంగా కనబడే ఉదాహరణ హెచ్‌హెచ్‌వీ-6. చిన్నపిల్లలకు రెండేళ్ళలోపు మూడు నాలుగు రోజులు జ్వరం కాసి, తగ్గాక ఒంటి మీద ఎర్రగా దద్దుర్లు వస్తాయి చూడండి, ఎక్కువగా దానివల్లే. ఈ వైరస్ క్రోమోజోముల కొసల్లో అతుక్కోగలదు. ఎప్పుడో తరాల క్రితం ఎవరి వీర్యకణంలోనో అండంలోనో అతుక్కుపోయి, ఇప్పుడు ప్రపంచ జనాభాలో సుమారు 1 శాతం మంది దాన్ని ఒంట్లోని ప్రతి కణంలో మోస్తున్నారు. పిల్లల్లో సగం మందికి పోతుంది, అచ్చంగా మామూలు జన్యువులా.

ఇది ల్యాబ్‌లో తెచ్చే చిక్కు చెప్తాను. ఇలాంటి మనిషి రక్తంలో హెచ్‌హెచ్‌వీ-6 కోసం పీసీఆర్ చేస్తే మిల్లీలీటరుకు పది లక్షలు దాటిన అంకె వస్తుంది. ప్రతి తెల్ల రక్తకణంలోనూ ఒక ప్రతి ఉంది కాబట్టి రాకేం చేస్తుంది! రిపోర్టు చూసిన డాక్టర్ తీవ్రమైన ఇన్ఫెక్షన్ అనుకుని బలమైన యాంటీవైరల్ మొదలుపెట్టే ప్రమాదం ఉంది. అనుమానం వస్తే చేసే పని చాలా సులువు. తల వెంట్రుకలు నాలుగు కుదుళ్ళతో సహా పీకి, ఆ కుదుళ్ళలో పీసీఆర్ చేస్తారు. మామూలు ఇన్ఫెక్షన్ అయితే వెంట్రుక కుదురులో వైరస్ అలా కణానికి ఒకటి చొప్పున ఉండదు. ఉందంటే పుట్టుకతో వచ్చిందన్నమాట. ‘నా డీఎన్ఏ మొత్తంలో వైరస్ ఉంది’ అని నిజంగా చెప్పగలిగినవాళ్ళు వీళ్ళు. వాళ్ళలో ఎక్కువమందికి ఆ సంగతి జన్మలో తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాదు.

ఇంకా వెనక్కి వెళ్తే మనందరమూ వాళ్ళలాంటివాళ్ళమే. మనిషి డీఎన్ఏలో సుమారు 8 శాతం పాత రెట్రోవైరస్‌ల (హెచ్ఐవీలా ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చి అతికించే వైరస్‌ల) శకలాలు. లక్షల, కోట్ల ఏళ్ళ క్రితం మన పూర్వీకుల వీర్యకణాల్లో, అండాల్లో అతుక్కున్నవి. ప్రొటీన్‌లు తయారు చేసే మన సొంత జన్యు భాగం 2 శాతం కూడా ఉండదు. ఆ వైరస్ శకలాల్లో చాలావరకు చెడిపోయి మూగబోయాయి. ఒకటి రెండు మనకు పనికొచ్చాయి కూడా. గర్భంలో మాయ పొర ఏర్పడేటప్పుడు కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోవాలి. ఆ పని చేసే సిన్సైటిన్ అనే ప్రొటీన్, ఒకప్పటి వైరస్ కణంలోకి చొరబడటానికి వాడుకున్న ప్రొటీనే. తల్లికీ బిడ్డకూ మధ్య ఉండే ఆ పొరలో వైరస్ జన్యువు పనిచేస్తోందని 2000లో తేలినప్పుడు మా ల్యాబ్‌లో చాలాకాలం అదే ముచ్చట.

ఇదంతా పాత కథ అనుకోకండి, ఆస్ట్రేలియాలో కోలాల విషయంలో ఇప్పుడు నడుస్తోంది. కోలా రెట్రోవైరస్ ఒకపక్క జబ్బులా ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటోంది, ఇంకోపక్క వాటి సంతాన కణాల్లోకి ఎక్కి వారసత్వంగా పోతోంది. ఉత్తరాన క్వీన్స్‌లాండ్‌లో ఉన్న కోలాలన్నిటిలో అది పుట్టుకతోనే ఉంది, దక్షిణాన ఉన్నవాటిలో అలా లేదు. ఆ జంతువులకు లుకేమియా, లింఫోమా ఎక్కువ. ఒక జాతి డీఎన్ఏలోకి వైరస్ అడుగుపెడుతుండగా మనిషి కళ్ళముందు చూస్తున్న అరుదైన సందర్భం అది.

ఇక కోవిడ్. కోవిడ్ మన డీఎన్ఏలో కలుస్తుందన్న ప్రచారం గాల్లోంచి పుట్టలేదు. 2021లో అమెరికాలో ఎంఐటీకి చెందిన పేరున్న శాస్త్రవేత్తలే ఒక పరిశోధన ప్రచురించారు. మన డీఎన్ఏలో లైన్-1 అనే పాత గెంతుడు ముక్కలున్నాయి, అంటే తమ ప్రతిని తీసి డీఎన్ఏలో ఇంకోచోట అతికించుకోగలిగేవి. వాటికి సొంత రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఉంది. దాన్ని వాడుకుని కోవిడ్ ఆర్ఎన్ఏ ముక్కలు డీఎన్ఏగా మారి అతుక్కోవచ్చని, కోలుకున్నాక కూడా కొందరికి ఆర్‌టీపీసీఆర్ పాజిటివ్ రావడానికి అదో కారణం కావచ్చని వాళ్ళు అన్నారు. అతుకులను చూపించింది ల్యాబ్ డిష్‌లో పెంచిన కణాల్లో, అదీ ముఖ్యంగా లైన్-1ను కృత్రిమంగా విపరీతంగా పెంచిన కణాల్లో. వార్తల్లోకి వచ్చేసరికి ఆ షరతులన్నీ రాలిపోయాయి.

రోగుల నమూనాల్లో వాళ్ళకు దొరికిన ఆధారం ఒకటుంది, అది ఎందుకు చాలదో నా పనిలో భాగం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. సీక్వెన్సింగ్ మిషన్ డీఎన్ఏను చిన్న చిన్న ముక్కలుగా చదువుతుంది, మామూలుగా ఒక్కో ముక్క 150 అక్షరాలు. స్క్రీన్ మీద ఒక ముక్కను చూస్తుంటే, మొదటి 80 అక్షరాలు మనిషి జన్యువుతో అచ్చంగా సరిపోయి, 81వ అక్షరం నుంచి వైరస్‌తో సరిపోతుందనుకోండి. చూడగానే ‘ఇదిగో అతుకు’ అనిపిస్తుంది. నిజమైన అతుకు కూడా అచ్చం అలాగే ఉంటుంది. కానీ వాళ్ళు రోగుల నమూనాల్లో చదివింది ఆర్ఎన్ఏను. ఆర్ఎన్ఏను చదవాలంటే ముందు దాన్ని డీఎన్ఏగా మార్చాలి, అంటే ట్యూబ్‌లో మనమే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయాలి. ఆ ఎంజైముకు ఒక దురలవాటుంది. ఒక పోగు మీద చదువుతూ చదువుతూ మధ్యలో పక్క పోగు మీదికి గెంతుతుంది. కోవిడ్ సోకిన కణంలో వైరస్ ఆర్ఎన్ఏ గుట్టలుగా ఉంటుంది కాబట్టి మనిషి పోగు నుంచి వైరస్ పోగు మీదికి గెంతడం సహజం. అప్పుడు సగం మనిషి, సగం వైరస్ అయిన ముక్క ట్యూబ్‌లో పుడుతుంది, రోగి ఒంట్లో అలాంటిది ఎప్పుడూ లేకపోయినా.

నిజమైన అతుకును ఎలా గుర్తుపడతాం? డీఎన్ఏనే నేరుగా, పొడుగు ముక్కలుగా చదవాలి. వైరస్ ముక్కకు రెండు వైపులా మనిషి డీఎన్ఏ కనబడాలి. లైన్-1 చేసిన పనే అయితే దాని గుర్తులు అతుకు అంచుల్లో ఉండాలి. ఆస్ట్రేలియాలో జెఫ్రీ ఫాక్‌నర్ బృందం 2021లోనే ఈ పద్ధతిలో కోవిడ్ సోకిన కణాలను చదివింది. ఒక్క కోవిడ్ అతుకు కూడా దొరకలేదు. పద్ధతి పనిచేస్తోందో లేదో చూడటానికి అదే తీరులో హెపటైటిస్ బి ఉన్న లివర్ క్యాన్సర్ కణజాలాన్ని కూడా చదివారు. అందులో హెపటైటిస్ బి అతుకు దొరికింది. మీ రెండు ప్రశ్నలకూ ఒకే ప్రయోగంలో జవాబు ఉందన్నమాట. కోవిడ్ వైరస్‌కు సొంత రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ లేదు, ఇంటిగ్రేజ్ లేదు. ఎక్కడో కోటికొక కణంలో లైన్-1 చేతిలో పడి ఒక ముక్క అతుక్కునే అవకాశం సున్నా అని ఎవరూ అనలేరు గానీ, ఒంట్లో అది జరిగి జబ్బు చేసినట్టు ఆధారం లేదు.

కోవిడ్ టీకా గురించి మీరు అడగలేదు, కింద ఎవరో ఒకరు ఎలాగూ అడుగుతారు. కోవాగ్జిన్ చంపిన వైరస్, అందులో అతుక్కునే పనిముట్లేమీ లేవు. కోవిషీల్డ్‌లో చింపాంజీ అడెనోవైరస్ ఉంది, దాని డీఎన్ఏ కేంద్రకంలోకి వెళ్తుంది, కానీ విడిగా ఉంటుంది, అక్కడ పెరగదు, దానికీ ఇంటిగ్రేజ్ లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఎక్కువగా వేసుకున్న ఫైజర్, మోడర్నా టీకాల్లో ఉన్నది ఆర్ఎన్ఏ, కేంద్రకం బయటే చదవబడి కొద్ది రోజుల్లో శిథిలమవుతుంది. సోకిన వైరస్ ఆర్ఎన్ఏ చేయనిది టీకా ఆర్ఎన్ఏ చేస్తుందని భయపడటంలో అర్థం లేదు.

అతుకు భయం నిజంగా ఎక్కడ ఉందో, దాన్ని వైద్యులు ఎంత సీరియస్‌గా తీసుకుంటారో చూడాలంటే జన్యు చికిత్స చరిత్ర చూడాలి. 1999లో పారిస్‌లో, తర్వాత లండన్‌లో, పుట్టుకతో రోగనిరోధక శక్తి లేని పిల్లలకు రెట్రోవైరస్ ద్వారా మంచి జన్యువును కణాల్లో అతికించారు. చాలామంది పిల్లలు బాగయ్యారు. ఐదుగురికి మాత్రం లుకేమియా వచ్చింది, వారిలో ఒకరు చనిపోయారు. దాదాపు ఆ పిల్లలందరిలో అతుకు ఎల్ఎంఓ2 అనే జన్యువు పక్కన పడింది. తర్వాత వైరస్ వాహకాలను మార్చి, అతుకు పక్కనున్న జన్యువులను రెచ్చగొట్టకుండా తయారు చేశారు. ఇప్పుడు రక్త క్యాన్సర్‌కు ఇచ్చే కార్-టీ చికిత్సలో రోగి టీ కణాలను (ఒక రకం రోగనిరోధక కణాలు) బయటికి తీసి, హెచ్ఐవీ జాతి వైరస్‌ను నిరపాయంగా మార్చి, దానితో కొత్త జన్యువును అతికించి మళ్ళీ ఎక్కిస్తారు. 2023లో మన దేశంలో అనుమతి వచ్చిన నెక్స్‌కార్19 అలాంటిదే. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన చికిత్స అది. అక్కడ డీఎన్ఏ మార్చడమే వైద్యం.

‘ఇన్ఫెక్షన్ వల్ల జన్యువుల పనితీరు మారుతుంది’ అనే వార్త కూడా మీ కంటబడొచ్చు. నిజమే, జ్వరం వస్తే రోగనిరోధక కణాల్లో కొన్ని జన్యువులు గట్టిగా, కొన్ని నెమ్మదిగా పనిచేస్తాయి, కొన్నిసార్లు నెలల తరబడి. అక్షరాలు మారవు. దీన్ని చూపించి డీఎన్ఏ మారిందని శీర్షిక పెట్టేవాళ్ళను పట్టించుకోకండి.

ఇక మీరు చేయాల్సినవి. రక్తదాన కేంద్రం ఇచ్చింది స్క్రీనింగ్ ఫలితం మాత్రమే. ముందు దాన్ని మళ్ళీ నిర్ధారించుకోవాలి. తర్వాత హెచ్‌బీఈఏజీ (వైరస్ ఎంత చురుగ్గా ఉందో చూపేది), హెచ్‌బీవీ డీఎన్ఏ వైరల్ లోడ్, ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటోందా చూపేది), లివర్ గట్టిదనం చూసే ఫైబ్రోస్కాన్ డాక్టర్ రాస్తారు. మందు అవసరమా కాదా వాటిని బట్టే. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఎంపిక చేసిన ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితంగా ఇస్తారు, అడగండి.

మీ ఇంట్లో అమ్మకో అన్నదమ్ములకో కూడా ఉంటే అది మీ వంశం డీఎన్ఏలో ఉన్నందువల్ల కాదు. పసితనంలో సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి ఈ వైరస్ శాశ్వతంగా ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకితే వందమందిలో ఐదుగురికి కూడా ఉండదు. కాబట్టి మీకు ఎక్కువగా చిన్నప్పుడే, ప్రసవ సమయంలోనో ఇంట్లో ఎవరి రక్తం తగిలో వచ్చి ఉండవచ్చు. ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోవాలి, లేనివాళ్ళు టీకా వేయించుకోవాలి.

కాబోయే ఆమెకు ఈ విషయం పెళ్లికి ముందే చెప్పండి. ఇంకెవరి ద్వారానో తెలిస్తే జబ్బు కన్నా అదే పెద్ద గొడవ అవుతుంది. ఆమె హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ-హెచ్‌బీసీ, యాంటీ-హెచ్‌బీఎస్ మూడూ చేయించుకోవాలి; ఇప్పుడు వైరస్ ఉందా, ఎప్పుడైనా సోకిందా, రక్షణ ఉందా అని వరుసగా అవి చెప్తాయి. రక్షణ లేకపోతే మూడు డోసులు: మొదటిది వెంటనే, రెండోది నెలకు, మూడోది ఆరు నెలలకు. చివరి డోసు తర్వాత నెల రెండు నెలలకు యాంటీ-హెచ్‌బీఎస్ మళ్ళీ చూసి, 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ఆమెకు రక్షణ వచ్చినట్టే. అప్పటివరకు కండోమ్ వాడండి. రేజర్, బ్రష్, గోళ్ళ కత్తెర ఎప్పటికీ వేరుగానే. ఒకే కంచంలో తినడం, కౌగిలించుకోవడం, పిల్లల్ని ఎత్తుకోవడం వల్ల ఏమీ కాదు. ఆమెకు వైరస్ లేకపోతే ప్రసవంలో బిడ్డకు సోకే దారే లేదు. అయినా పుట్టిన 24 గంటల్లోపు అందరు పిల్లలకూ వేసే హెపటైటిస్ బి మొదటి డోసు మీ బిడ్డకు తప్పకుండా పడేలా చూడండి, తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే టీకా)లో భాగంగా మిగతా డోసులు వస్తాయి. ఒకవేళ ఆమెకూ పాజిటివ్ అని తేలితే కథ కొంచెం మారుతుంది. గర్భం చివరి మూడు నెలల్లో మాత్రలు, బిడ్డకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్ అవసరం కావచ్చు. కాబట్టి ఆమె రిపోర్టులు రాగానే ఇక్కడ పెట్టండి, లెక్కలు చూసి ఏ పరీక్ష దేనికో చెప్తాను.